మందు మార్చాలా, డోసు మార్చాలా? పాపాయి ఒంట్లో వైరస్ మొండికేస్తే...

పుట్టుకతోనే సీఎంవీ సోకిన బిడ్డకు ఆరు నెలల పాటు మందు పట్టాలి. మధ్యలో ఆ మందు పనిచేయడం మానేస్తే? ఆ సంగతి పట్టుకునే టెస్టు ఎలా పనిచేస్తుంది? ఆ టెస్టు దాకా వెళ్ళేముందు ఇంట్లో ఏం చూసుకోవాలి?

మ్యుటేషన్, వేరియంట్, వైరల్ లోడ్, ఆర్టీపీసీఆర్... 2020కి ముందు ఈ మాటలు బైపీసీ చదివినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ పట్టేవి కావు. కోవిడ్ వచ్చాక టీ కొట్టు దగ్గర కూడా ఇవే కబుర్లు. ఒమిక్రాన్‌లో మ్యుటేషన్లు ఎన్నో, ఎవరికి సీటీ వాల్యూ ఎంతొచ్చిందో నోటికి చెప్పేసేవాళ్ళం.

ఇప్పుడు అదంతా మర్చిపోయాం. కానీ కొన్ని ఇళ్ళలో ఈ మాటలు ఇవాళ్టికీ రోజూ వినపడుతుంటాయి. అవి నెలల పాపాయిలున్న ఇళ్ళు. అమ్మ కడుపులో ఉండగానే వైరస్ సోకి, పుట్టిన మొదటి నెలలోనే మందు మొదలుపెట్టాల్సి వచ్చిన పిల్లలు వాళ్ళు. వాళ్ళ విషయంలో ఒక చిన్న మ్యుటేషన్ ఉందా లేదా అన్నది తేలితేగానీ, ఉన్న మందే కొనసాగించాలో, కిడ్నీల మీద భారం వేసే ఇంకో మందుకు మారాలో డాక్టరు చెప్పలేరు. పాపాయి వినికిడి, మాట, నడక దీనితో ముడిపడి ఉంటాయి.

ఆ వైరస్ పేరు సైటోమెగలో వైరస్. పొట్టిగా సీఎంవీ.

పేరు కొత్త, వైరస్ పాతదే

సీఎంవీ మనకి కొత్త చుట్టం కాదు. జలుబు పుండు తెప్పించే హెర్పిస్, చికెన్‌పాక్స్ వైరస్‌లకి ఇది దాయాది. ఒకసారి ఒంట్లోకి వచ్చిందంటే జీవితాంతం మూల గదిలో అద్దెకున్నట్టు ఉండిపోతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో అత్యధికులకి చిన్నప్పుడే ఇది సోకి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి నాలుగు రోజుల జ్వరమో, ఒళ్ళునొప్పులో వచ్చి పోతాయి. చాలామందికి అదీ ఉండదు.

చిక్కంతా గర్భంలో ఉన్న బిడ్డతోనే. తల్లికి ఆ సమయంలో మొదటిసారి సోకినా, నిద్రపోతున్న పాత వైరస్ మళ్ళీ లేచినా, ఇంకో రకం సీఎంవీ కొత్తగా వచ్చినా అది మాయ దాటి బిడ్డని చేరొచ్చు. ప్రపంచం మొత్తం మీద చూస్తే ప్రతి వెయ్యి మంది పసికందుల్లో సుమారు ఆరేడుగురు ఈ వైరస్‌తో పుడుతున్నారని అంచనా. పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఈ లెక్క ఇంకా ఎక్కువే.

భయపడకండి. వాళ్ళలో ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు. దాదాపు పది మందిలో ఒకరికి మాత్రం పుట్టినప్పుడే లక్షణాలు కనిపిస్తాయి. బరువు తక్కువ, తల చిన్నగా ఉండటం, కామెర్లు, చర్మం మీద ఎర్రటి చుక్కలు, కాలేయం, ప్లీహం వాయడం వంటివి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం సీఎంవీతో పుట్టిన ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలం ఉండే సమస్య ఏదో ఒకటి మిగులుతుంది. అందులో ముందు చెప్పుకోవాల్సింది చెవుడు. జన్యుపరంగా వచ్చేది పక్కన పెడితే, పిల్లల్లో నరాల సంబంధమైన వినికిడి లోపానికి ప్రధాన కారణం ఈ వైరసే.

ఇంకో తిరకాసు ఏంటంటే, ఈ చెవుడు పుట్టినరోజే కనిపించాలని లేదు. ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చక్కగా పాసైన బిడ్డకి కూడా నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత వినికిడి తగ్గడం మొదలవ్వచ్చు.

21 రోజుల గడువు

బిడ్డకి కడుపులోనే సోకిందని తేల్చాలంటే పుట్టిన 21 రోజుల లోపు మూత్రం గానీ లాలాజలం గానీ తీసి పీసీఆర్ చేయాలి. ఆ మూడు వారాలు దాటితే తిప్పలే. ఎందుకంటే పుట్టాక తల్లిపాల ద్వారానో, ఇంట్లోవాళ్ళ ద్వారానో కూడా సీఎంవీ సోకుతుంది. అప్పుడు పాజిటివ్ వచ్చినా, అది కడుపులో వచ్చిందో బయట వచ్చిందో చెప్పడం కష్టం. బయట సోకింది నెలలు నిండి పుట్టిన బిడ్డకి సాధారణంగా హాని చేయదు.

లాలాజలం తీసేటప్పుడు బిడ్డ పాలు తాగి కనీసం గంటైనా గడవాలి. లేకపోతే పాలల్లో ఉన్న వైరస్ టెస్టులో కనిపించి లేనిపోని కంగారు పెడుతుంది. అందుకే లాలాజలంలో పాజిటివ్ వస్తే మూత్రంతో మళ్ళీ ఖాయం చేసుకుంటారు.

ఇక్కడ మన దగ్గర తరచూ జరిగే పొరపాటు గురించి చెప్పుకోవాలి. గర్భిణులకి చేసే 'టార్చ్' టెస్టులో సీఎంవీ ఐజీజీ పాజిటివ్ అని రాగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఐజీజీ పాజిటివ్ అంటే ఆమెకి ఎప్పుడో ఈ వైరస్ సోకింది అని మాత్రమే అర్థం. మన దేశంలో ఆ టెస్టు చేస్తే ఎక్కువమందికి అలాగే వస్తుంది. అది చూసి బిడ్డకేదో అయిపోయిందని అనుకోనక్కర్లేదు. అసలు బిడ్డ సంగతి తేల్చేది బిడ్డ శాంపిల్‌తో చేసే పీసీఆరే.

వైరస్ తీసిన గోతిలో వైరసే

ఇప్పుడు మందు దగ్గరికి వద్దాం. లక్షణాలు ఉన్న బిడ్డలకి వాడేది గ్యాన్‌సైక్లోవిర్. ఇది నరం ద్వారా ఎక్కించేది. దీన్నే నోటి ద్వారా ఇచ్చేలా మార్చిన రూపం వాల్‌గ్యాన్‌సైక్లోవిర్. మొదటిది అమెరికాలో 1989లో, రెండోది 2001లో అనుమతి పొందాయి. ఆ అనుమతి పెద్దవాళ్ళ జబ్బుల కోసం. పుట్టుకతో వచ్చే సీఎంవీకి వీటిని వాడటం ఆ తర్వాత జరిగిన పరిశోధనల బలం మీదే.

ఆ పరిశోధనల్లో ముఖ్యమైనది 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 96 మంది పసివాళ్ళలో కొందరికి ఆరు వారాలు, కొందరికి ఆరు నెలలు వాల్‌గ్యాన్‌సైక్లోవిర్ ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత వినికిడి చక్కగా ఉన్న, లేదా మెరుగైన చెవులు ఆరు నెలల గుంపులో 73 శాతం, ఆరు వారాల గుంపులో 57 శాతం. రెండేళ్ళకి మాట, ఎదుగుదల కూడా ఆరు నెలలు వాడినవాళ్ళలోనే కాస్త మెరుగ్గా ఉన్నాయి. అప్పటినుంచి ఆరు నెలల కోర్సు మామూలైంది.

ఈ మందు పనిచేసే తీరు భలే తమాషాగా ఉంటుంది. గ్యాన్‌సైక్లోవిర్ ఒంట్లోకి వెళ్ళేటప్పటికి నిద్రలోనే ఉంటుంది. అది మేలుకోవాలంటే దానికి మూడు ఫాస్ఫేట్ ముక్కలు తగిలించాలి. మొదటి ముక్కని తగిలించే పని సీఎంవీ సొంత ఎంజైమే చేస్తుంది. దాని పేరు యూఎల్97. మిగతా రెండు ముక్కలూ మన కణాలు తగిలిస్తాయి. అలా తయారైన మందు వెళ్ళి, వైరస్ తన డీఎన్‌ఏని కాపీ చేసుకునే యంత్రంలో అడ్డం పడుతుంది. ఆ యంత్రం పేరు యూఎల్54. కాపీ ఆగిపోతుంది, వైరస్ పెరగదు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడ్డట్టు, వైరస్ తన చేత్తో తనే మందుని మేల్కొలిపి దెబ్బతింటుంది. వైరస్ లేని కణాల్లో మందు పెద్దగా మేలుకోదు. అలాగని పూర్తిగా అమాయకమైనదీ కాదు. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి తగ్గిపోవడం దీనితో వచ్చే ప్రధానమైన ఇబ్బంది. అందుకే మొదటి ఆరు వారాలు వారానికోసారి, తర్వాత నెలకోసారి రక్తపరీక్ష చేస్తుంటారు.

మరి వైరస్ తెలివి మీరితే?

వైరస్ తనని తాను కాపీ చేసుకునేటప్పుడు అప్పుడప్పుడూ అక్షరదోషాలు పడతాయి. అవే మ్యుటేషన్లు. ఎక్కువ భాగం వృథా. కానీ ఏదో ఒక దోషం వల్ల యూఎల్97 ఎంజైమ్ ఆకారం కాస్త మారి, గ్యాన్‌సైక్లోవిర్‌కి ఫాస్ఫేట్ తగిలించడం తగ్గిస్తే? మందు మేలుకోదు. ఆ దోషం ఉన్న వైరస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. మందుకి లొంగే వైరస్‌లు చచ్చిపోతుంటే, లొంగనిది ఖాళీ అయిన చోటల్లా ఆక్రమిస్తుంది. దీన్నే డ్రగ్ రెసిస్టెన్స్ అంటారు.

గ్యాన్‌సైక్లోవిర్‌కి లొంగని సీఎంవీని డాక్టర్లు మొదట 1989లోనే గుర్తించారు. అది రోగనిరోధక శక్తి దెబ్బతిన్న రోగుల్లో. కారణం యూఎల్97 జన్యువులో ఉందని 1992లో పరిశోధకులు తేల్చారు. సాధారణంగా మార్పులు ముందు యూఎల్97లోనే వస్తాయి. మందు ఇంకా కొనసాగుతూ, వైరస్ కూడా పెరుగుతూ ఉంటే తర్వాత యూఎల్54లో కూడా వస్తాయి. యూఎల్54లో వస్తే చిక్కు పెద్దది. ఎందుకంటే వేరే మందులు కూడా పనిచేసేది ఆ యంత్రం మీదే. ఒక్క మార్పుతో రెండు మూడు మందులు ఒకేసారి చేజారిపోవచ్చు.

ఊరట కలిగించే విషయం ఒకటుంది. పుట్టుకతో సీఎంవీ వచ్చిన పిల్లల్లో ఇలా జరగడం అరుదు. ఇప్పటిదాకా వైద్య పత్రికల్లో వచ్చినవి ఎక్కువగా విడివిడి కేసులే. 2013లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు అలాంటి ఒక పసిబిడ్డ గురించి రాశారు. నోటి ద్వారా వాల్‌గ్యాన్‌సైక్లోవిర్ వాడుతుండగానే ఆ బిడ్డలో వైరస్ మందుకి ఎదురు తిరిగింది. అదే మిన్నెసోటా 2023లో, పుట్టిన ప్రతి బిడ్డకీ సీఎంవీ పరీక్ష చేసే తొలి అమెరికా రాష్ట్రమైంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో పుట్టే పిల్లలకీ ఆ పరీక్ష జరుగుతుంది.

పరీక్షలు పెరిగితే మందు వాడే పిల్లలూ పెరుగుతారు. అప్పుడు అరుదైనదాన్ని కూడా కనిపెట్టే కన్ను కావాలి.

హెచ్ఐవీ నేర్పిన పాఠం

అరుదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఒక ఉదాహరణ. తల్లి నుంచి బిడ్డకి హెచ్ఐవీ సోకకుండా ఒకప్పుడు చాలా దేశాల్లో నెవిరాపిన్ అనే మందు ఒకే ఒక్క డోసు ఇచ్చేవాళ్ళు. అది ఎంతోమంది బిడ్డల్ని కాపాడింది. కానీ ఆ డోసు తీసుకున్నాక కూడా హెచ్ఐవీ సోకిన పిల్లల్లో సుమారు సగం మందిలో వైరస్ అప్పటికే నెవిరాపిన్‌కి లొంగని రకంగా మారిపోయింది. ఆ సంగతి టెస్టులతో తేలాకే పసివాళ్ళకి ఇచ్చే చికిత్స మారింది.

హెచ్ఐవీకీ సీఎంవీకీ తేడా ఉంది. హెచ్ఐవీ కాపీ చేసేటప్పుడు దిద్దుకోదు, తప్పుల తడకగా రాసుకుంటూ పోతుంది. సీఎంవీ డీఎన్‌ఏ వైరస్. దాని యంత్రం రాసింది మళ్ళీ చదివి దిద్దుకుంటుంది. అందుకే నిదానంగా మారుతుంది. కానీ ఆరు నెలలంటే తక్కువ కాలమేమీ కాదు. మందు చాలీచాలని మోతాదులో ఉంటే ఆ నిదానం కూడా దానికి సరిపోతుంది.

ముందు అనుమానించాల్సింది సిరంజిని

రక్తంలో వైరల్ లోడ్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. సరైన డోసులో కనీసం రెండు వారాలు మందు పడ్డాక కూడా పది రెట్లు పెరిగింది అనుకోండి. అప్పుడు డాక్టర్లకి రెసిస్టెన్స్ అనుమానం వస్తుంది. ఇందులో 'సరైన డోసులో' అన్న మాటని గట్టిగా పట్టుకోండి. చాలాసార్లు కథ అక్కడే ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. వాల్‌గ్యాన్‌సైక్లోవిర్ డోసు కిలో బరువుకి 16 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. సిరప్‌లో ఒక మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు ఉంటుంది. పాపాయి బరువు 3 కిలోలు ఉంటే డోసు 48 మిల్లీగ్రాములు. అంటే పూటకి దాదాపు 1 మిల్లీలీటరు. బాగానే ఉంది.

పాపాయి పాలు తాగి, బొద్దుగా తయారై, నాలుగైదు నెలలకి 6 కిలోలు అయింది. ఇప్పుడు కావాల్సింది 96 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 1.9 మిల్లీలీటర్లు. కానీ చీటీ మీద పాత డోసే ఉంది. ఇంట్లో ఇంకా 1 మిల్లీలీటరే పడుతున్నారు. ఇక్కడ ఎవరూ మందు మానలేదు. ఒక్క పూట కూడా తప్పలేదు. అయినా బిడ్డకి అందుతున్నది కావాల్సినదానిలో సగం.

పెద్దవాళ్ళ మందులకి ఈ బాధ లేదు. మన బరువు ఐదు నెలల్లో రెట్టింపు అవ్వదు కదా! పసిపిల్లల విషయంలో డోసు చొక్కా లాంటిది. నెలనెలా సైజు మారుతుంది. అందుకే ప్రతి విజిట్‌లో బరువు చూసి డోసు సరిచేయాలి. డాక్టరు మర్చిపోతే గుర్తుచేయడానికి మొహమాటపడకండి.

రోజుకి రెండు చొప్పున ఆరు నెలలంటే దాదాపు 360 డోసులు. ఎక్కడెక్కడ జారిపోతాయో చూడండి:

- బిడ్డ కక్కేస్తుంది. మళ్ళీ పట్టాలా వద్దా తెలియక వదిలేస్తారు. ఇది ముందే డాక్టర్ని అడిగి రాసిపెట్టుకోవాలి.
- చెంచాతో కొలుస్తారు. ఒక్కో ఇంట్లో చెంచా ఒక్కో సైజు. నోటి మందుల సిరంజితోనే కొలవాలి.
- అమ్మ పట్టిందనుకుని అమ్మమ్మ వదిలేస్తుంది. అమ్మమ్మ పట్టిందనుకుని అమ్మ వదిలేస్తుంది. ఫోన్‌లో అలారం, గోడ మీద క్యాలెండర్ మీద టిక్కు, రెండూ పెట్టుకోండి.
- కలిపిన సిరప్‌ని ఫ్రిజ్‌లో ఉంచాలి. కలిపిన రోజు నుంచి 49 రోజులు దాటితే పారేయాలి. సీసా మీద తేదీ రాయండి.
- సిరప్ దొరకలేదని పెద్దవాళ్ళ 450 మిల్లీగ్రాముల మాత్రని ఇంట్లో విరిచి, నూరి నీళ్ళలో కలపొద్దు. కొలత సరిగ్గా రాదు. పైగా ఆ పొడి చేతికి అంటడం, పీల్చడం మంచిది కాదు. ముఖ్యంగా ఇంట్లో గర్భిణి ఉంటే అసలే వద్దు. ద్రావణం తయారుచేయించే దారి ఉందేమో ఆసుపత్రి ఫార్మసీలో అడగండి.

ఇవన్నీ సరిచూసి, డోసు సరిచేశాక లోడ్ దిగిందంటే అక్కడితో అయిపోయింది. వైరస్ ఏ తప్పూ చేయలేదన్నమాట.

ఇంకో జాగ్రత్త. వైరల్ లోడ్ అంకె టెస్టుకీ టెస్టుకీ కొంత ఊగుతుంది. మూడు రెట్ల లోపు తేడా వస్తే అది టెస్టు సహజంగా చూపించే ఊగిసలాట కూడా కావచ్చు. ఒకసారి ప్లాస్మాతో, ఇంకోసారి మొత్తం రక్తంతో చేసినా అంకెలు కలవవు. అందుకే ఒకే ల్యాబ్‌లో, ఒకే రకం శాంపిల్‌తో చేయించుకోవడం మేలు. కోర్సు ముగిశాక లోడ్ మళ్ళీ పెరగడం కూడా మామూలే. మందు ఆపాక పెరిగింది కాబట్టి అది రెసిస్టెన్స్ కాదు. మందు నడుస్తుండగా పెరిగితేనే ఆలోచించాలి.

వైరస్ అక్షరాలు చదివే టెస్టు

డోసు సరిగ్గానే ఉంది, ఒక్క పూటా తప్పలేదు, అయినా లోడ్ పైకే పోతోంది. అప్పుడు అసలు టెస్టు.

పాత పద్ధతి ఒకటుంది. బిడ్డ నుంచి తీసిన వైరస్‌ని ల్యాబ్‌లో కణాల మీద పెంచి, దాని మీద రకరకాల మోతాదుల్లో మందు పోసి, ఏ మోతాదుకి లొంగుతుందో చూడటం. నమ్మకమైనదే. కానీ సీఎంవీ నెమ్మదిగా పెరిగే వైరస్. ఫలితం వచ్చేసరికి వారాలు పడుతుంది. ఒక్కో వారం విలువైన వయసులో అంతసేపు ఎవరు ఆగగలరు?

అందుకే ఇప్పుడు జన్యువునే చదువుతున్నారు. సీఎంవీ జన్యుపటంలో దాదాపు 2 లక్షల 35 వేల అక్షరాలుంటాయి. కరోనా వైరస్‌కి ఉన్నవి సుమారు 30 వేలే. ఇంత పెద్ద గ్రంథం మొత్తం చదవక్కర్లేదు. యూఎల్97, యూఎల్54 అనే రెండు అధ్యాయాలు చాలు. యూఎల్97లో కూడా 460, 520 స్థానాలూ, 590 నుంచి 607 దాకా ఉన్న చిన్న ముక్కా మీదే ఎక్కువ దృష్టి. గ్యాన్‌సైక్లోవిర్‌ని ఓడించే మార్పులు చాలావరకు అక్కడే దొరుకుతాయి.

బిడ్డ రక్తం నుంచి వైరస్ డీఎన్‌ఏ తీసి, ఆ రెండు అధ్యాయాల్నీ పీసీఆర్‌తో లక్షల కాపీలు చేసి, సీక్వెన్సింగ్ మిషన్‌లో చదువుతారు. ఇది రోజుల్లో అయ్యే పని. కోవిడ్ సమయంలో హైదరాబాద్ సీసీఎంబీలో వేరియంట్లు పట్టుకోవడానికి చేసిన సీక్వెన్సింగ్ విన్నారు కదా, మూలసూత్రం అదే.

దీనికీ కొన్ని హద్దులున్నాయి. రక్తంలో వైరస్ మరీ తక్కువుంటే, అంటే మిల్లీలీటరుకి సుమారు వెయ్యి కాపీల లోపు ఉంటే, చదవడం కష్టం. పాత తరహా సాంగర్ సీక్వెన్సింగ్‌కి, మొత్తం వైరస్‌లో మారిపోయినది ఐదో వంతు దాకా చేరితేగానీ కనిపించదు. కొత్త తరం సీక్వెన్సింగ్ మిషన్లు 5 శాతం దాకా ఉన్నా పట్టేస్తాయి. అంటే శత్రువు బలపడకముందే గుట్టు బయటపెడతాయి. ఇంకోటి, రక్తంలో దొరకనిది వెన్నుపాము నీటిలోనో, కంటిలోనో ఉండొచ్చు. అందుకే లక్షణాలు ఎక్కడున్నాయో చూసి, ఏ శాంపిల్ తీయాలో డాక్టరు నిర్ణయిస్తారు.

రిపోర్టులో ఏముంటుంది?

ఎం460వి అనో, ఎ594వి అనో ఉంటుంది. కంగారు పడకుండా చదివితే చాలా తేలిక. మొదటి అక్షరం ఉండాల్సిన అమైనో ఆమ్లం. అంకె దాని స్థానం. చివరి అక్షరం దాని బదులు వచ్చి కూర్చున్నది. ఎం460వి అంటే 460వ సీటులో మెథియొనిన్ ఉండాల్సింది, వేలిన్ వచ్చి కూర్చుంది.

అన్ని మార్పులూ ఒకే రకం కావు. ఎం460వి, ఎ594వి వంటివి ఉంటే వైరస్‌ని ఆపడానికి ఐదు నుంచి పది రెట్లు ఎక్కువ గ్యాన్‌సైక్లోవిర్ కావాలి. సి592జి వంటిది ఉంటే ప్రభావం అంతకన్నా తక్కువ. ఇక కొన్ని మార్పులు ఏ హానీ లేనివి. ఒకే భాషలో కోస్తా యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాస ఉన్నట్టు వైరస్‌లోనూ యాసలుంటాయి. డి605ఇ అనే మార్పు తూర్పు ఆసియా దేశాల సీఎంవీలో మామూలుగానే కనిపిస్తుంది. అది రెసిస్టెన్స్ గుర్తు కాదు. తెలియనివాళ్ళు దాన్ని చూసి మందు మారిస్తే బిడ్డకి అనవసరమైన కష్టం.

ఈ తికమక తప్పాలంటే మందు మొదలుపెట్టకముందు తీసిన శాంపిల్ ఒకటి ల్యాబ్‌లో దాచి ఉంచడం మంచి పని. మొదట్నుంచీ ఉన్న యాస ఏదో, మందు మొదలయ్యాక వచ్చిన మార్పేదో పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

దొరికితే ఏంటి దారి?

ఇక్కడే ఈ టెస్టు విలువ తెలుస్తుంది. ఎందుకంటే చేతిలో ఉన్న దారులు మరీ ఎక్కువ లేవు.

మార్పు చిన్నదైతే కొన్నిసార్లు గ్యాన్‌సైక్లోవిర్ డోసే పెంచి, రక్తకణాల్ని దగ్గరగా గమనిస్తూ నెట్టుకొస్తారు. పెద్దదైతే ఫాస్కార్నెట్ అనే మందు ఉంది. దీన్ని మేల్కొలపడానికి యూఎల్97 అక్కర్లేదు, నేరుగా కాపీ యంత్రం మీదే పడుతుంది. కానీ నరం ద్వారా ఎక్కించాలి, కిడ్నీల్ని దెబ్బతీయొచ్చు, రక్తంలో కాల్షియం, మెగ్నీషియం తగ్గిపోవచ్చు. సిడోఫోవిర్ అనే ఇంకో మందుతోనూ కిడ్నీల భయమే.

కొత్త మందుల్లో మారిబవిర్‌కి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. అది అవయవ మార్పిడి, మూలకణ మార్పిడి చేయించుకున్న 12 ఏళ్ళు, ఆపైన వయసువాళ్ళ కోసం. పైగా అది యూఎల్97నే మూసేస్తుంది. అంటే గ్యాన్‌సైక్లోవిర్‌తో కలిపి వాడితే దాని మేలుకొలుపు కూడా ఆగిపోతుంది. లెటర్మోవిర్ అనేది మార్పిడి రోగుల్లో సీఎంవీ రాకుండా అడ్డుకునే మందు. పుట్టుకతో సీఎంవీ వచ్చిన పసికందుకి వీటిలో ఏదీ మామూలు చికిత్స కాదు.

అందువల్ల తప్పు రెండువైపులా ప్రమాదమే. రెసిస్టెన్స్ ఉందని గుర్తించకపోతే పనిచేయని మందుని నెలల తరబడి పడుతూ, దాని దుష్ఫలితాలు మాత్రం మోస్తాం. లేని రెసిస్టెన్స్‌ని ఉందనుకుంటే, సిరప్ మోతాదు పెంచితే సరిపోయే బిడ్డని ఆసుపత్రి మంచం మీద కిడ్నీల్ని ఇబ్బందిపెట్టే మందుతో ఉంచుతాం.

రెసిస్టెన్స్ నిజమని తేలితే డాక్టర్లు ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటారు. ఈ బిడ్డ రోగనిరోధక వ్యవస్థ సరిగ్గా ఉందా? పుట్టుకతోనే రక్షణ కణాలు లోపించిన పిల్లల్లో వైరస్‌కి అడ్డూ అదుపూ ఉండదు, మారడానికి అవకాశం ఎక్కువ. మందు పనిచేయకపోవడం ఒక్కోసారి ఆ దాగిన జబ్బుని బయటపెట్టే గుర్తు అవుతుంది.

మన ఇంట్లో చేయగలిగింది

సీఎంవీకి ఇంకా టీకా లేదు. కానీ అడ్డుకట్టకి ఉపయోగపడే మాట మన భాషలో ఎప్పట్నుంచో ఉంది: ఎంగిలి.

గర్భిణులకి ఈ వైరస్ ఎక్కువగా వచ్చేది చిన్నపిల్లల లాలాజలం, మూత్రం నుంచి. మొదటి బిడ్డకి రెండేళ్ళు, అమ్మకి మళ్ళీ మూడో నెల అనుకోండి. బుజ్జిగాడు కొరికి వదిలేసిన ఇడ్లీ ముక్క పారేయడం ఎందుకని అమ్మ నోట్లో వేసుకుంటుంది. వాడి చెంచాతోనే రుచి చూస్తుంది. అక్కడే జాగ్రత్తపడాలి. గర్భంతో ఉన్నన్నాళ్ళూ పిల్లల ఎంగిలి తినొద్దు, చెంచా, గ్లాసు పంచుకోవద్దు. ముద్దు పెదాల మీద కాకుండా నుదుటి మీద పెట్టండి. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడగండి. ఇంతే.

సీఎంవీ ఉన్న బిడ్డకి నెలలు నిండి పుట్టి ఉంటే తల్లిపాలు ఆపాల్సిన పనిలేదు. ఆ బిడ్డని ఎత్తుకోవడానికి ఎవరూ భయపడక్కర్లేదు. బిడ్డని దూరం పెట్టడం, తల్లిని తప్పుపట్టడం మాత్రం ఆపాలి. ఇది ఎవరి నిర్లక్ష్యం వల్లా వచ్చింది కాదు.

ఇక చెవులు. మందు వాడినా వాడకపోయినా, వైరల్ లోడ్ ఎంత చక్కగా దిగినా, బడికి వెళ్ళే వయసు దాకా వినికిడి పరీక్షలు మానొద్దు. ఓఏఈ పాసైంది కదా అని ఊరుకోకుండా బెరా టెస్టు ఎప్పుడెప్పుడు చేయించాలో అడిగి తెలుసుకోండి. వైరల్ లోడ్ దిగింది అంటే మందు పనిచేస్తోంది అని అర్థం, అంతేగానీ చెవులు సేఫ్ అని కాదు. పుట్టుకతో వచ్చే చెవుడుని చిన్నప్పుడే గుర్తించడం కేంద్రం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో భాగం. అంగన్‌వాడీలో, ప్రభుత్వాసుపత్రిలో దాని గురించి అడగండి. వినికిడి బాగా తగ్గిన పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ఎందరో పేద పిల్లలకి ఆ ఆపరేషన్లు జరిగాయి. ఎంత తొందరగా గుర్తిస్తే మాట అంత బాగా వస్తుంది.

మీ ఇంట్లోనో, మీ అక్కవాళ్ళింట్లోనో ఇలాంటి మందు వాడుతున్న పాపాయి ఉంటే ఈసారి విజిట్‌కి వెళ్ళేటప్పుడు మూడు ప్రశ్నలు ఫోన్‌లో నోట్ చేసి తీసుకెళ్ళండి. ఇవాళ్టి బరువుకి డోసు ఇదేనా? మందు మొదలుపెట్టకముందు తీసిన శాంపిల్ ల్యాబ్‌లో ఉందా? తర్వాతి వినికిడి పరీక్ష ఎప్పుడు?

మొదటి ప్రశ్నకి జవాబు చెప్పడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. బరువు తూచే మిషను, పాత చీటీ ఉంటే చాలు.